మాస్టారి గురించి మనం రాయాల్సిన కాగితం

ఇవాళ్టి ఎపిసోడ్ మన గోదావరి జిల్లాల మాస్టార్ల గురించి. ముఖ్యంగా, చదువు మధ్యలో ఆగిపోబోతున్న మగపిల్లాడిని పట్టుకుని నిలబెట్టిన మాస్టార్ల గురించి. అలాంటివాళ్ళని మనం ఎలా గౌరవిస్తున్నాం, ఎలా గౌరవించాలి అన్నదే టాపిక్. ఒక పావుగంట నాతో ఉండండి.

ముందు ఒక చిన్న టెస్ట్. మీ ఊళ్ళో ఏ మాస్టారైనా రిటైరైనప్పుడు ఇచ్చిన సన్మాన పత్రం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బంగారు రంగు బోర్డరు, అద్దాల ఫ్రేము. లోపల ఏముంటుంది? "నిరాడంబరులు, నిగర్వి, అజాతశత్రువు, విద్యాదానమే పరమావధిగా అంకితభావంతో సేవలందించిన..." ఇలా సాగుతుంది. ఇప్పుడు అందులోంచి ఆ మాస్టారి పేరు తీసేసి పక్క ఊరి మాస్టారి పేరు పెట్టండి. ఏమైనా తేడా వచ్చిందా? రాదు. నేను బీటెక్ చేసి కొన్నాళ్ళు కోడ్ రాసినవాడిని కదా, మా భాషలో దీన్ని టెంప్లేట్ అంటాం. పేరు ఒక్కటే మారుతుంది, మిగతాదంతా కాపీ పేస్ట్.

ముప్పై ఐదేళ్ళు పిల్లల మధ్య సుద్దపొడి పీల్చిన మనిషికి మనం ఇచ్చేది కాపీ పేస్టా? శాలువా కప్పొద్దని నేను అనట్లేదు. కప్పండి, దండ వేయండి, బొకే ఇవ్వండి. కానీ ఆ శాలువాతో పాటు ఇంకోటి ఇవ్వాలి. అదేంటో చెప్పాలంటే మనం ఒక నూట నలభై ఏళ్ళు వెనక్కి, రాజమండ్రి వెళ్ళాలి.

టంగుటూరి ప్రకాశం పంతులు గారు అందరికీ తెలుసు. ఆంధ్రకేసరి. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీ ముందు గుండె చూపించిన మనిషి. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. ఇదంతా పుస్తకాల్లో చదివాం. కానీ ఈయన చిన్నప్పుడు ఎలా ఉండేవారో తెలుసా?

పుట్టింది 1872లో, ఒంగోలు దగ్గర. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి, అంటే ఇప్పటి భాషలో చిన్న మెస్ నడిపి, పిల్లల్ని పెంచారు. ఒక పరీక్షకి 3 రూపాయల ఫీజు కట్టాలి. ఆ మూడు రూపాయలు లేవు. సాయం అడగడానికి బావగారి ఊరు అద్దంకి దాకా కుర్రాడు నడిచి వెళ్ళాడు. పని అవలేదు. చివరికి ఆవిడ తన పట్టుబట్టలు తాకట్టు పెట్టి ఫీజు కట్టారు.

పోనీ కుర్రాడు బుద్ధిమంతుడా అంటే, అదీ లేదు. అల్లరి. నాటకాల పిచ్చి. ఇప్పుడైతే ఇరుగుపొరుగువాళ్ళు ఒక్క మాటలో తేల్చేసేవారు: "వాడికి చదువు అబ్బదు లెండి."

అప్పుడు ఒంగోలు మిషన్ స్కూల్లో ఆయనకి ఒక మాస్టారు ఉండేవారు. పేరు హనుమంతరావు నాయుడు గారు. ఆయనకి కూడా నాటకాలంటే ప్రాణం. ఆయన రాజమండ్రికి మకాం మారుస్తూ ఈ కుర్రాడిని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఎందుకంటే రాజమండ్రిలో చదువుకి అవకాశాలు ఎక్కువ.

ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగుదాం. ఒంగోలు నుంచి రాజమండ్రికి ఇప్పటి రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. అప్పటికి గోదావరి మీద వంతెనే లేదు. హేవలాక్ బ్రిడ్జి మీద రైళ్ళు తిరగడం మొదలైంది 1900 ప్రాంతంలో. అలాంటి రోజుల్లో ఒక మాస్టారు తనకి ఏ చుట్టరికమూ లేని, తండ్రి లేని, అల్లరి కుర్రాడి బాధ్యత నెత్తిన వేసుకుని ఊరు దాటించారు.

రాజమండ్రిలో నాయుడు గారు నాటక సమాజం నడిపారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి నాటకాలు వేసేవారు. ఆ నాటకాల్లో మన ప్రకాశం గారు వేషాలు కట్టారు. ఈ హడావుడిలో మెట్రిక్ పరీక్ష తప్పారు కూడా. అయినా బండి ఆగలేదు. తర్వాత మద్రాసు వెళ్ళి సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యారు, రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు, 1904లో అదే రాజమండ్రికి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. ఆ తర్వాత లండన్ వెళ్ళి బారిస్టరు చదివి వచ్చారు.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ హనుమంతరావు నాయుడు గారి పేరు మనకెలా తెలిసింది? ఏ అవార్డు లిస్టు వల్లా కాదండి. ప్రకాశం గారు "నా జీవిత యాత్ర" అని తన కథ రాసుకున్నారు. అందులో తన మాస్టారు తన కోసం ఏం చేశారో చెప్పారు. ముఖ్యమంత్రి స్థాయికి వెళ్ళిన మనిషి "నా కష్టంతో నేను పైకొచ్చాను" అని సరిపెట్టుకోలేదు. తల్లి తాకట్టు పెట్టిన బట్టల దగ్గర నుంచి మాస్టారి దాకా లెక్క అప్పజెప్పారు. నా దృష్టిలో తెలుగులో ఒక మాస్టారికి దక్కిన గొప్ప సన్మానాల్లో అదొకటి. శిష్యుడు ఇచ్చిన సాక్ష్యం. దాన్ని ఇంకో మాస్టారి పేరుతో మార్చలేం. మార్చి చూడండి, కథ అతకదు.

సరే, రెండో కథ. ఇదీ రాజమండ్రిదే. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారు? అది 1853లో జిల్లా స్కూలుగా మొదలై కాలేజీగా ఎదిగింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూడా కొన్నాళ్ళు అక్కడ ఫిలాసఫీ చెప్పారు. సెప్టెంబర్ 5న మనం టీచర్స్ డే చేసుకునేది ఆయన పుట్టినరోజునే కదా. 1962లో ఆయన రాష్ట్రపతి అయినప్పటి నుంచి మొదలైన ఆనవాయితీ అది. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే, విద్యార్థులు బండికి పూలు కట్టి, గుర్రాలు విప్పేసి, స్టేషన్ దాకా తామే లాక్కెళ్ళారని చెప్పుకుంటారు. చూశారా, అది కూడా శిష్యులు సొంతంగా ఆలోచించి చేసిందే.

ఆయన పనిచేసిన ఆ కాలంలో ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్ ఒక ఇంగ్లీషు దొర, ఆస్వాల్డ్ కూల్డ్రే. 1909 నుంచి 1919 దాకా ఉన్నారు. ఇంగ్లీషు చెప్పేవారు, తనూ బొమ్మలు వేసేవారు. ఆ రోజుల్లో కాలేజీ అంటే మగపిల్లల్ని బీఏ పాస్ చేయించి సర్కారు ఉద్యోగాలకి పంపే చోటు. బొమ్మలు వేసుకునే కుర్రాడు కనిపిస్తే "ఇవి తిండి పెడతాయా?" అనడం చాలా తేలిక.

కూల్డ్రే దొర అలా అనలేదు. దామెర్ల రామారావు అనే రాజమండ్రి కుర్రాడి బొమ్మలు చూసి, ఇతని దారి వేరు అని పసిగట్టారు. ఆయన ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. తిరిగి వచ్చి రాజమండ్రిలోనే చిత్రకళా పాఠశాల పెట్టి, తనూ గురువయ్యారు. 1925లో మశూచితో పోయారు. అప్పటికి ఆయన వయసు 27. ఇప్పుడు నాకున్న వయసుకి కాస్త అటూ ఇటూ. రాజమండ్రిలో ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. వెళ్ళకపోతే ఒకసారి వెళ్ళండి.

ఆ దొర చేయి పట్టుకుని నడిపించిన వాళ్ళలో భీమవరం వైపు నుంచి వచ్చిన అడివి బాపిరాజు గారూ ఒకరు. బొమ్మలు వేశారు, పాటలు రాశారు, "నారాయణరావు" నవల రాశారు, బందరు జాతీయ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంటే గురువు చేసిన పనిని ఇద్దరు శిష్యులూ ముందుకి తీసుకెళ్ళారు. ఇక్కడ ఫీజు కట్టడం, అన్నం పెట్టడం కాదు విషయం. "నువ్వు చేస్తున్నది పిచ్చిపని కాదురా" అని సరైన వయసులో ఒక పెద్దమనిషి చెప్పడం. దానికి ఎంత విలువ ఉంటుందో, ఇంట్లో తెలియకుండా ఎడిటింగ్ నేర్చుకున్న వాళ్ళని అడగండి, చెప్తారు.

ఇక్కడ కొంతమందికి ఒక డౌట్ వచ్చి ఉంటుంది. "అన్నా, అన్నీ మగపిల్లల కథలే చెప్తున్నావేంటి?" మంచి ప్రశ్న. ఆ రోజుల్లో చదువు అంటేనే మగపిల్లల చదువు. ఆడపిల్లల్ని బడికి పంపడం తప్పు అనుకునే కాలం. అందుకే 1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టడం అంత పెద్ద వార్త అయింది.

ఇంకో ప్రశ్న మనమే వేసుకోవాలి. మగపిల్లల చదువు అంటే ఏ మగపిల్లలు? కులం గోడ అవతల ఉన్న పిల్లలు ఆ లెక్కలో ఉన్నారా? చాలాచోట్ల లేరు. అందుకే ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి.

మొదటివారు ఇందాక నాటకాల దగ్గర చెప్పిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారే. చిన్నప్పటి నుంచి చూపు సమస్య, తర్వాత పూర్తిగా పోయింది. అలాంటి మనిషి 1909లో రాజమండ్రిలో దళిత పిల్లల కోసం బడి పెట్టి పదమూడేళ్ళు నడిపారు. రామమోహన పాఠశాల అని పేరు. బడి పెట్టడం ఒకెత్తు. ప్రతి నెలా డబ్బు సమకూర్చుకుంటూ, నలుగురూ అనే మాటలు పడుతూ పదమూడేళ్ళు తెరిచి ఉంచడం ఇంకో ఎత్తు. రిబ్బన్ కటింగ్ ఫొటో అందరికీ దొరుకుతుంది. పదమూడేళ్ళు తాళం తీసినవాడి ఫొటో ఎవరూ తీయరు.

రెండోవారు కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. మన పీఆర్ కాలేజీ. 1904 ప్రాంతం నుంచి 1919 దాకా ఆయనే. తెల్లటి బట్టలు, కఠినమైన నియమాలు, బ్రహ్మసమాజం. కాలేజీలో ఆడపిల్లలకి కూడా చోటిచ్చారు. కాకినాడలో అనాథ శరణాలయం, దళిత విద్యార్థులకి వసతి, వీటన్నిటి వెనకా ఆయన ఉన్నారు. ఆయన్ని గురువుగా భావించిన పిఠాపురం మహారాజా సూర్యారావు గారు ఖర్చుకి వెనకాడలేదు. అంటే ఆ శిష్యుడు గురువుని గౌరవించిన పద్ధతి ఏంటి? గురువు తలపెట్టిన పనికి డబ్బు పెట్టడం. నాయుడు గారు 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ కూడా అయ్యారు.

ఇందులో ఒక తమాషా ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారూ, చలం గారూ ఆ కాలేజీలో చదివినవాళ్ళే, ఆయన ప్రభావంలో పడినవాళ్ళే. నీతి, నిగ్రహం అని అంత గట్టిగా చెప్పిన గురువు దగ్గర నుంచి చలం లాంటి రచయిత వచ్చారు! మంచి మాస్టారు తన ఫొటోకాపీలు తయారు చేయరు. ఆలోచించే అలవాటు చేసి వదిలేస్తారు. ఆ తర్వాత ఎటు వెళ్తారన్నది వాళ్ళిష్టం.

సరే, పాత కథలు అయ్యాయి. ఇప్పటికి వద్దాం.

నాకు తెలిసిన ఒక మాస్టారి గురించి చెప్తాను. పేరు చెప్పను, ఆయనకి ఇష్టం ఉండదు. కోనసీమలో మాకు టెన్త్ లెక్కలు చెప్పారు. మా క్లాసులో ఒకడు జనవరిలో బడి మానేశాడు. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు చేసేవాడు, చెట్టు మీంచి పడ్డాడు. వీడు కాయలు లోడ్ చేసే పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మాస్టారు రోజూ సాయంత్రం ఏడింటికి సైకిల్ మీద వాళ్ళింటికి వెళ్ళేవారంట. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. అరుగు మీద కూర్చుని రోజుకి నాలుగు లెక్కలు చేయించడం, వాళ్ళమ్మ ఇచ్చిన టీ తాగడం, వచ్చేయడం. మార్చి దాకా అదే. వాడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు, ఐటీఐ చేశాడు. ఇప్పుడు ఎలక్ట్రీషియన్. పెద్ద స్టార్ ఏమీ అవ్వలేదు. కానీ వాడి చేతిలో ఒక పని ఉంది, ఇద్దరు కుర్రాళ్ళకి ఆ పని నేర్పిస్తున్నాడు.

మాస్టారి రిటైర్మెంట్ ఫంక్షన్‌కి నేను వెళ్ళాను. నలుగురు మాట్లాడారు. అంకితభావం, సమయపాలన, చిరునవ్వు. ఈ సైకిల్ కథ ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. వాడు వెనకాల మైక్ సెట్ వైర్లు చూసుకుంటున్నాడు. ఆ రాత్రి కుర్చీలు సర్దుతుంటే వాడే నాకు చెప్పాడు. "స్టేజీ ఎక్కి చెప్పొచ్చు కదరా" అంటే, "మనల్ని ఎవరు పిలుస్తార్రా" అన్నాడు.

ఈ మాట దగ్గరే మన సన్మానాల సమస్య మొత్తం ఉంది. మాట్లాడేది అధికారులు, నాయకులు, తోటి టీచర్లు. ఎవరి జీవితం మారిందో వాళ్ళకి మైక్ దొరకదు.

అవార్డుల సంగతి కూడా చూడండి. జాతీయ ఉపాధ్యాయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. ఇప్పుడు వెండి పతకం, సర్టిఫికెట్, 50,000 రూపాయలు ఇస్తారు. 2018 నుంచి టీచర్లే నేరుగా ఆన్‌లైన్‌లో అప్లై చేసుకునే పద్ధతి వచ్చింది. ఫొటోలు, వీడియోలు, రిపోర్టులు అప్‌లోడ్ చేయాలి. ఎవరి సిఫార్సూ లేకుండా మారుమూల టీచరు కూడా అప్లై చేయొచ్చు, ఆ వరకు మంచిదే. కానీ రాత్రి ఏడింటికి అరుగు మీద లెక్కలు చెప్పిన మనిషి సెల్ఫీ తీసుకుంటారా? "ఫలానా పిల్లాడిని నేను నిలబెట్టాను" అని తన నోటితో తను రాసుకుంటారా? సిగ్గుపడతారండి. ఆయన తరఫున ఆ కాగితం రాయాల్సింది మనం.

ఎలా రాయాలి? చాలా సింపుల్. మూడే ప్రశ్నలు.

ఒకటి, ఆ మాస్టారు రాకముందు నీ పరిస్థితి ఏంటి? ఏ క్లాసు, ఏ సంవత్సరం, ఇంట్లో ఏం జరుగుతోంది?

రెండు, ఆయన సరిగ్గా ఏం చేశారు? దానికి ఆయనకి ఏం ఖర్చయింది? డబ్బే కానక్కర్లేదు. సాయంత్రాలు కావచ్చు, నిద్ర కావచ్చు, హెడ్‌మాస్టరుతో గొడవ కావచ్చు.

మూడు, ఆ తర్వాత నీకు ఏం మారింది? ఉద్యోగమే చెప్పక్కర్లేదు. తాగుడు వైపు వెళ్ళకపోవడం కూడా మార్పే.

ఈ మూడింటికీ జవాబు ఒక పేజీ రాయండి. "మహోన్నతులు", "మార్గదర్శి" లాంటి మాటలు ఒక్కటి కూడా వాడకుండా రాయడానికి ట్రై చేయండి. రాయడం రాదంటే ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడండి. ఊరందరి ముందూ పెట్టే ముందు మాత్రం మాస్టారిని అడగండి. అందులో ఇంకో పిల్లాడి ఇంటి విషయాలు ఉంటే, వాడినీ అడగండి. కొన్ని కష్టాలు బయటికి చెప్పుకోవడం ఇష్టం ఉండదు కదా.

దీనివల్ల ఇంకో లాభం ఉంది, ఇది నాకు చాలా ముఖ్యం. "మాస్టారు సొంత జేబులోంచి ఫీజు కట్టారు" అని మనం చప్పట్లు కొడతాం. కానీ ఆయన ఎందుకు కట్టాల్సి వచ్చింది? మూడు రూపాయలు లేక ఒక తల్లి బట్టలు తాకట్టు పెట్టింది అని రాసి ఉంది కాబట్టే, ఆ కాలంలో చదువు ఎంత దూరంగా ఉందో మనకి అర్థమవుతోంది. "అంకితభావం" అనే మాట మాస్టారి మంచితనాన్నీ దాచేస్తుంది, వ్యవస్థలో ఉన్న కన్నాన్నీ దాచేస్తుంది. వివరంగా చెప్తే రెండూ కనిపిస్తాయి. ఒక ఊళ్ళో పది మంది రాసిన పది కాగితాలు చూస్తే తెలిసిపోతుంది, కుర్రాళ్ళు ఏ క్లాసులో జారిపోతున్నారో, ఎందుకు జారిపోతున్నారో. చెరువుల మీద పనికా, బోట్లకా, ఇంట్లో జబ్బుకా, లేక ఎవరూ పట్టించుకోకా?

ఎందుకంటే ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఆ మాట వినిపిస్తూనే ఉంది. మగపిల్లాడు చదువు మానేస్తే, "వాడికి అబ్బలేదు, పనిలో పెట్టేశాం" అంటారు. అక్కడితో ఫైల్ క్లోజ్. నాయుడు గారు ఆ మాట నమ్మి ఉంటే ప్రకాశం పంతులు గారు ఒంగోలులోనే ఉండిపోయేవారేమో. మా మాస్టారు నమ్మి ఉంటే మా వాడు ఇంకా కాయలు మోస్తూ ఉండేవాడేమో. ఆ మాట నమ్మని మనిషి ఊరికి ఒకరున్నా చాలు. ఆయన ఎవరో, ఏం చేశారో మనకి తెలియాలి, తర్వాత వచ్చే కొత్త టీచర్లకి కూడా తెలియాలి. వాళ్ళు నేర్చుకునేది అందులోంచే.

కాబట్టి సెప్టెంబర్ 5 దాకా ఆగకండి. ఈ ఆదివారం ఒక అరగంట తీసుకోండి, ఆ పేజీ రాయండి. మాస్టారు దగ్గర్లో ఉంటే వెళ్ళి మీ చేత్తో ఇవ్వండి. దూరంగా ఉంటే ఫోన్ చేసి చదివి వినిపించండి. ఆయన లేకపోతే వాళ్ళ పిల్లలకి ఇవ్వండి. వాళ్ళ నాన్న ప్రతి సాయంత్రం ఇంటికి ఎందుకు లేటుగా వచ్చేవారో వాళ్ళకి తెలియకపోవచ్చు.

మీ మాస్టారి కథ మాకూ పంపాలనిపిస్తే, ఆయన సరే అన్నాకే పంపండి. బాగున్నవి ఒక ఎపిసోడ్‌లో చదువుతాను. అన్నట్టు మా ఎలక్ట్రీషియన్ తన పేజీ రాసేశాడు. అక్షర దోషాలు బోలెడు ఉన్నాయి, ఒక్కటి కూడా దిద్దలేదు. వచ్చే వారం కలుద్దాం అండి, ఉంటాను.